బండి ఆపాక బ్యాటరీని తాగేది ఎవరు? కార్ స్టీరియో వెనకున్న చరిత్ర

ఇవాళ చరిత్ర ఎపిసోడే, కానీ మొదలయ్యేది మాత్రం మా ఇంటి గేటు దగ్గర.

పోయిన వానాకాలం, ఒక సోమవారం తెల్లవారుజామున నాలుగింటికి మా తాతయ్యకి ఆయాసం ఎక్కువైంది. ఆయనకి ఎప్పటినుంచో ఉన్న ఇబ్బందే, కానీ ఆ రోజు మాట కూడా రావట్లేదు. నాన్న, నేను ఆయన్ని ఎత్తుకొచ్చి కార్లో కూర్చోబెట్టాం. నాన్న తాళం తిప్పారు. టిక్. మళ్లీ తిప్పారు. టిక్ టిక్ టిక్. అంతే, సెల్ఫ్ తీసుకోలేదు. మేముండేది విజయవాడ శివారులో. ఆ టైమ్‌కి యాప్‌లో బండి దొరకలేదు. రెండు వీధుల అవతల ఉండే ఆటో ఆయన్ని లేపి, హాస్పిటల్‌కి చేరేసరికి నలభై నిమిషాలు పట్టింది. తాతయ్య ఇప్పుడు బాగానే ఉన్నారు, కంగారుపడకండి. కానీ ఆ నలభై నిమిషాలు నేను మర్చిపోలేను.

ఎందుకంటే ఆ కార్లో పదిరోజుల ముందే కొత్త ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించింది నేను. నాన్న పుట్టినరోజుకి గిఫ్ట్.

తెల్లారాక నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా? ఆటోనగర్‌లో దాన్ని బిగించిన ఫిట్టర్ అన్నకి ఫోన్ చేసి అరిచాను. "మీరు వైరింగ్ సరిగ్గా చేయలేదు, మా బ్యాటరీ దిగిపోయింది, మా ఇంట్లో మనిషి ప్రాణం మీదకొచ్చింది" అని. ఆయన మధ్యలో ఏదో చెప్పబోయారు. నేను విననే లేదు. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు ఒక ప్రశ్న. బండి ఆపేశాం, తాళం తీసేశాం, డోర్లు లాక్ చేశాం. మరి లోపల కరెంట్ ఎవరు వాడుతున్నారు? దీనికి సరైన సమాధానం కావాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి. రండి.

బ్యాటరీ లేకుండానే నడిచిన కార్లు

మన కార్లలో ఉండే లెడ్ యాసిడ్ బ్యాటరీ కార్ల కంటే పాతది. ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే అనే సైంటిస్ట్ దాన్ని 1859లో తయారుచేశాడు. సీసం పలకలు, సల్ఫ్యూరిక్ యాసిడ్. మూలసూత్రం ఇప్పటికీ అదే.

కానీ మొదట్లో పెట్రోల్ కార్లకి ఆ బ్యాటరీ తప్పనిసరి కాదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ నే తీసుకోండి. స్పార్క్‌కి కావాల్సిన కరెంట్‌ని ఫ్లైవీల్‌కి బిగించిన మాగ్నెటోనే పుట్టించేది. స్టార్ట్ చేయాలంటే ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాలి. మన దగ్గర పాత అంబాసిడర్ నడిపినవాళ్లని అడగండి, సీటు కిందో డిక్కీలోనో ఆ హ్యాండిల్ ఉండేదని చెప్తారు. ఇంజిన్ ఎదురు తన్నితే హ్యాండిల్ వెనక్కి తిరిగి చెయ్యి విరిగేది. అమెరికాలో అలా చేతులు విరగ్గొట్టుకున్నవాళ్లు చాలామంది.

దీన్ని మార్చింది చార్ల్స్ కెటరింగ్. డేటన్ అనే ఊళ్లో, క్యాష్ రిజిస్టర్లు చేసే కంపెనీలో పనిచేసిన ఇంజినీర్. షాపుల్లో డబ్బు డ్రాయర్ ఉండే మెషిన్ ఉంటుంది కదా, అది చేత్తో తిప్పే పని లేకుండా ఎలక్ట్రిక్ మోటార్ పెట్టాడు. అక్కడ ఆయన ఒకటి గమనించాడు. ఆ మోటార్ రోజంతా తిరగక్కర్లేదు, ఒక్క క్షణం గట్టిగా తిరిగితే చాలు. అలాంటప్పుడు చిన్న మోటార్‌కే ఆ క్షణంలో ఎక్కువ కరెంట్ ఇవ్వచ్చు, అది కాలిపోదు.

ఇదే ఆలోచన కారుకి వాడాడు. ఇంజిన్‌ని తిప్పడానికి కొన్ని సెకన్లే కదా కావాలి! 1912 మోడల్ క్యాడిలాక్ కార్లలో ఎలక్ట్రిక్ సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. మనం ఇప్పటికీ "సెల్ఫ్ కొట్టు", "సెల్ఫ్ తీసుకోవట్లేదు" అంటాం చూడండి, ఆ "సెల్ఫ్" ఇక్కడిదే. ఎదుటివాడి చెయ్యి అక్కర్లేదు, తనంతట తానే స్టార్ట్ అవుతుంది అని.

ఇంకో తెలివైన పని కూడా చేశాడు. అదే మోటార్ ఇంజిన్ నడిచేటప్పుడు జనరేటర్‌గా మారి బ్యాటరీని తిరిగి నింపేది. అంటే బ్యాటరీకి ఒక డ్యూటీ ఫిక్స్ అయింది: పొద్దున్నే కొన్ని సెకన్లు గట్టిగా ఇవ్వు, తర్వాత దారి పొడవునా నెమ్మదిగా నింపుకో.

ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోండి. కార్ బ్యాటరీని ఇవాళ్టికీ దీనికోసమే తయారుచేస్తారు. లోపల పలకలు పల్చగా, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి, ఒక్కసారిగా వందల ఆంపియర్లు ఇవ్వడానికి. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ అలా కాదు, దాని పలకలు మందంగా ఉంటాయి, గంటల తరబడి నెమ్మదిగా ఇవ్వగలదు. కార్ బ్యాటరీని ఇన్వర్టర్ బ్యాటరీలా పూర్తిగా పీల్చేస్తే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. మళ్లీ ఛార్జ్ చేసినా పాత బలం పూర్తిగా రాదు.

బ్యాటరీని తీసేద్దామని మొదలైన కంపెనీ

ఇప్పుడు రేడియో ఎంట్రీ. 1920ల్లో అమెరికాలో రేడియో అంటే పిచ్చి. కార్లో కూడా వినాలని ఉండేది. కానీ వాల్వ్ రేడియోకి రెండు రకాల కరెంట్ కావాలి. వాల్వ్‌లు వెలగడానికి తక్కువ వోల్టేజ్, అవి పనిచేయడానికి ఎక్కువ వోల్టేజ్. కారు బ్యాటరీ అప్పట్లో 6 వోల్టులే. అందుకని రేడియో కోసం విడిగా పొడి బ్యాటరీలు మోసుకెళ్లేవాళ్లు. సీట్ల కింద, ఫ్లోర్ కింద పెట్టెలు చేయించి మరీ.

1928లో చికాగోలో పాల్ గాల్విన్, ఆయన తమ్ముడు జోసెఫ్ ఒక చిన్న కంపెనీ పెట్టారు. వాళ్ల మొదటి ప్రొడక్ట్ పేరు వింటే నవ్వొస్తుంది: బ్యాటరీ ఎలిమినేటర్. ఇంట్లో రేడియోకి బ్యాటరీ లేకుండా గోడ ప్లగ్ నుంచే కరెంట్ ఇచ్చే డబ్బా. ఏడాది తిరిగేసరికి రెండు దెబ్బలు. నేరుగా కరెంట్ మీద నడిచే రేడియోలే మార్కెట్లోకి వచ్చేశాయి, పైగా 1929 అక్టోబర్‌లో స్టాక్ మార్కెట్ కూలిపోయింది. కంపెనీ మూతపడే స్థితి.

గాల్విన్ కార్ రేడియో మీద పడ్డాడు. ఎల్మర్ వేవరింగ్, బిల్ లియర్ అనే ఇద్దరు కుర్రాళ్లు ఆ పనిలో సాయంగా ఉన్నారు. ఈ ఇద్దరి పేర్లూ గుర్తుంచుకోండి, మళ్లీ వస్తారు. గాల్విన్ స్టూడీబేకర్ కార్లో రేడియో బిగించారు. ఇంజిన్ స్పార్క్ వల్ల వచ్చే గరగర శబ్దాన్ని అణచడమే పెద్ద తలనొప్పి. 1930లో అట్లాంటిక్ సిటీలో రేడియో తయారీదార్ల సమావేశం జరుగుతుంటే, గాల్విన్ చికాగో నుంచి వందల మైళ్లు అదే కార్లో వెళ్లాడు. లోపల స్టాల్ లేదు. బయటే కారు ఆపి, రేడియో సౌండ్ పెంచి, వచ్చిపోయేవాళ్లకి వినిపించి ఆర్డర్లు తెచ్చుకున్నాడు. ఆ రేడియోకి పెట్టిన పేరు మోటరోలా. అవును, మన ఫోన్ల మోటరోలాయే. కంపెనీ పేరు కూడా అదే అయ్యింది 1947లో.

ధర 110 నుంచి 130 డాలర్ల దాకా. అప్పట్లో కొత్త ఫోర్డ్ కారే అయిదొందల చిల్లర డాలర్లు. బిగించడానికి డ్యాష్‌బోర్డ్ విప్పాలి, యాంటెనా కోసం పైకప్పు గుడ్డ చింపాలి. ఆ కంపెనీ గురించి ఒక కథ కూడా తిరుగుతుంటుంది. లోన్ కోసం గాల్విన్ ఒక బ్యాంకర్ కార్లో రేడియో బిగించి ఇచ్చాడట, అరగంటకే ఆ కారు అంటుకుందట. కథలో ఎంత నిజమో ఎంత మసాలానో మీ ఇష్టం. కానీ కొత్త స్టీరియో పెట్టించి బండి పాడుచేసుకున్న మొదటివాణ్ణి నేను కాదని తెలిసి మాత్రం నాకు కాస్త ఊరట.

"ఆఫ్" అంటే నిజంగా ఆఫ్ అయిన రోజులు

1930ల్లో వైబ్రేటర్ అనే చిన్న భాగం వచ్చింది. సెకనుకి వందకి పైగా సార్లు కొట్టుకునే స్విచ్ అన్నమాట. 6 వోల్టుల డీసీని ముక్కలు ముక్కలు చేసి ట్రాన్స్‌ఫార్మర్‌కి పంపితే అది రెండొందల వోల్టుల దాకా పెంచేది. దాంతో విడి బ్యాటరీలు పోయాయి. మొత్తం భారం కారు బ్యాటరీ మీదే పడింది. ఆ వాల్వ్ రేడియోలు కొన్ని ఆంపియర్లు లాగేవి. ఇంజిన్ ఆపి చెట్టు కింద కూర్చుని పాటలు వింటే, ఇంటికి తోసుకుంటూ వెళ్లాల్సిందే.

కానీ ఒక మంచి సంగతి ఉంది. వాల్యూమ్ నాబ్‌ని వెనక్కి తిప్పితే "టక్" మనేది. ఆ టక్ అంటే లోపల తీగ నిజంగా తెగిపోయినట్టు. ఒక్క చుక్క కరెంట్ కూడా పోదు. మరి స్టేషన్లు ఎలా గుర్తుండేవి? అప్పటి పుష్ బటన్ రేడియోల్లో మెమరీ అంతా మెకానికల్. బటన్ బయటికి లాగి నొక్కితే స్టేషన్ సెట్ అయ్యేది. లోపల ఇనప పలక ఆ జాగాలో బిగుసుకునేది. బ్యాటరీ ఊడదీసి నెల తర్వాత పెట్టినా స్టేషన్ అక్కడే. గుర్తుపెట్టుకోవడానికి కరెంట్ అక్కర్లేదు, ఇనుము చాలు.

1955లో ఫిల్కో, క్రైస్లర్ కలిసి పూర్తిగా ట్రాన్సిస్టర్లతో చేసిన కార్ రేడియో తెచ్చాయి. వాల్వ్ లేదు, వైబ్రేటర్ గీ లేదు, కరెంట్ వాడకం బాగా తగ్గిపోయింది. అదే రోజుల్లో అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12కి మారాయి. 1960ల్లో జనరేటర్ స్థానంలోకి ఆల్టర్నేటర్ వచ్చింది. ట్రాఫిక్‌లో ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నా ఇది బ్యాటరీని నింపగలదు. మన మెకానిక్‌లు ఇప్పటికీ దాన్ని డైనమో అనే అంటారు, పాత పేరే ఉండిపోయింది.

మోటరోలాలో ఆ ఆల్టర్నేటర్ పనిని ముందుండి నడిపింది ఎవరో తెలుసా? 1930లో గాల్విన్ కారులో రేడియో బిగించిన ఎల్మర్ వేవరింగ్! బ్యాటరీ మీద కొత్త బరువు పెట్టిన మనిషే, ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని నింపే దారి కూడా చూశాడు. రెండో కుర్రాడు బిల్ లియర్ ఏమో లియర్‌జెట్ విమానాలు చేశాడు, ఎయిట్ ట్రాక్ టేప్ తెచ్చాడు. అది 1965 చివర్లో ఫోర్డ్ కార్లలోకి ఎక్కింది. ఇంకో కొత్త బరువు.

పసుపు వైరు పుట్టుక

అసలు మలుపు 1970లు, 80లలో. రేడియోలో డిజిటల్ ట్యూనింగ్, గడియారం, ఎలక్ట్రానిక్ మెమరీ వచ్చాయి. ఇనప పలక పోయి చిప్ వచ్చింది. అప్పటి చిప్ కరెంట్ ఆగితే మర్చిపోతుంది. గడియారమూ అంతే. సో, రేడియోకి రెండు వైర్లు కావాల్సి వచ్చాయి.

ఒకటి ఎప్పుడూ కరెంట్ ఉండేది. బయట కొనే సెట్లలో ఇది పసుపు. మన ఫిట్టర్ల భాషలో డైరెక్ట్. రెండోది తాళం తిప్పితేనే కరెంట్ వచ్చేది. ఇది ఎరుపు, తాళం వైరు. నలుపు ఎర్త్. ఎరుపు వైరు పని సెట్‌కి ఒక వార్త చెప్పడం: "ఓనర్ వచ్చాడు, లే" లేదా "ఓనర్ వెళ్లిపోయాడు, పడుకో." పడుకున్నాక పసుపు వైరు నుంచి కొన్ని మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకోవాలి. అదీ ఒప్పందం.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. పాత రేడియోది షట్‌డౌన్. కొత్తదానిది స్లీప్. రెండింటికీ మనం "ఆఫ్" అనే అంటాం. అక్కడే మోసపోతాం.

1990ల్లో ఈ వైర్లకి ఐఎస్ఓ కనెక్టర్ అని ఒక స్టాండర్డ్ వచ్చింది. నాలుగో పిన్ డైరెక్ట్, ఏడో పిన్ తాళం. కానీ కొన్ని కార్లలో ఈ రెండూ అటూ ఇటూ మారి ఉంటాయి. చూడకుండా ప్లగ్ గుచ్చితే స్టేషన్లు ప్రతిసారీ మర్చిపోవడమో, బ్యాటరీ దిగడమో జరుగుతుంది. స్టీరియో మార్చాక వచ్చే కంప్లైంట్లలో ఇది చాలా కామన్.

మా కార్లో దొంగ

ఇప్పుడు మళ్లీ మా గేటు దగ్గరికి. పక్కింటివాళ్ల బండి నుంచి కేబుల్స్ వేసి స్టార్ట్ చేశాం, బ్యాటరీ పూర్తిగా ఛార్జ్ చేయించాం. నేను మల్టీమీటర్ తీశాను. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, మధ్యలో మీటర్‌ని 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి కలిపాను. 2 ఆంపియర్ల పైన చూపించింది! "చూశావా, ఫిట్టర్ తప్పే" అని వెంటనే వీడియో తీసుకున్నాను కూడా.

తప్పు నాదే. డోర్ తీసి ఉంది, లోపల లైట్ వెలుగుతోంది, బండిలోని కంప్యూటర్లు అప్పుడే కరెంట్ చూసి లేచాయి. ఇప్పటి కార్లలో ఇవన్నీ పడుకోడానికి టైమ్ పడుతుంది, కొన్నింటికి అరగంట కూడా. డోర్ లాక్‌ని స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి, ముప్పై నిమిషాలు ఆగాను. అప్పుడు మీటర్ 0.62 ఆంపియర్ల దగ్గర నిలబడింది. మామూలుగా 0.05 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

తర్వాత ఫ్యూజులు ఒక్కొక్కటే తీయడం. తీయి, మీటర్ చూడు, పెట్టు. కోడ్‌లో బగ్ వెతకడానికి ఒక్కో లైను కామెంట్ చేసినట్టే. స్టీరియో ఫ్యూజు తీయగానే 0.62 కాస్తా 0.03 అయింది. దొంగ దొరికాడు.

లెక్క వేశాను. మా బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. శనివారం సాయంత్రం ఏడింటికి బండి ఆపాం. సోమవారం నాలుగింటికి తీశాం. 33 గంటలు. 33 ఇంటూ 0.62, అంటే 20 ఆంపియర్ అవర్ల పైనే. బ్యాటరీలో సగానికి మించి పోయింది. పైగా రెండేళ్ల పాత బ్యాటరీ. సెల్ఫ్ ఎక్కడినుంచి తీసుకుంటుంది?

స్టీరియో బయటికి లాగి చూశాను. ఎరుపు, పసుపు రెండూ మెలిపెట్టి ఒకేచోట, డైరెక్ట్‌కి కలిపి ఉన్నాయి. అంటే తాళం తీసినా "ఓనర్ వెళ్లిపోయాడు" అన్న వార్త సెట్‌కి అందదు. నాన్న రోజూ బటన్ నొక్కి స్క్రీన్ ఆపుతున్నారు. స్క్రీన్ నల్లగా అయితే ఆగిపోయిందనుకున్నారు. లోపల ప్రాసెసర్ రాత్రంతా మేలుకునే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. బిగించిన రోజు ఫిట్టర్ అన్న మొదట సరిగ్గానే కలిపారు. తాళం తిప్పితే స్టీరియో ఆన్ అవడానికి అర నిమిషం పైన పట్టింది. నాకు చిరాకు. "అన్నా, ప్రతిసారీ ఇంతసేపు వెయిట్ చేయాలా? వెంటనే వచ్చేట్టు ఏం చేయలేమా?" అని అడిగింది నేను. "రెండు వైర్లు కలిపేస్తే వచ్చుద్ది, కానీ..." అని ఆయన అంటుంటే "పర్లేదు, చేసేయండి" అన్నదీ నేనే.

ఎరుపు వైరుని తాళం లైనుకి మార్చాను. ఇన్సులేషన్ టేపు సరిగ్గా చుట్టాను. అరగంట ఆగి చూస్తే 0.04. ఈ లెక్కన బ్యాటరీలో సగం ఖాళీ అవడానికి పద్దెనిమిది రోజులు పడుతుంది.

మీరు ఇంట్లో చూసుకోవాలంటే రెండు జాగ్రత్తలు. మీటర్ మధ్యలో ఉండగా సెల్ఫ్ కొట్టకండి, మీటర్ ఫ్యూజు పోతుంది. లెక్క చూసేముందు బండిని పూర్తిగా పడుకోనివ్వండి, లేకపోతే నాలాగే అమాయకుడి మీద కేసు పెడతారు.

ఆ సాయంత్రం ఆటోనగర్ వెళ్లాను. ఫోన్లో సారీ చెప్పడం సరిపోదనిపించింది. అన్న వేరే బండి కింద ఉన్నారు. చెప్పాను. చేతులు తుడుచుకుంటూ ఆయన అన్నది ఇంతే: "ఆ రోజే చెప్దామనుకున్నా బాబూ, బ్యాటరీ దిగిపోద్దని. మీరు చదువుకున్నోళ్లు, తెలిసే అడుగుతున్నారనుకున్నా." తిట్టినా ఇంత గుచ్చుకునేది కాదు.

కెటరింగ్ బ్యాటరీకి ఒకే డ్యూటీ ఇచ్చాడు, పొద్దున్నే ఇంజిన్‌ని లేపడం. ఆ తర్వాత వందేళ్లలో మనం దాని మీద పాటలు, గడియారం, మెమరీ, స్క్రీన్ అన్నీ ఎక్కించాం. ప్రతిసారీ ఎవరో ఒక ఇంజినీర్ ఆ బరువుకి తగిన ఏర్పాటు కూడా చేశాడు, ఆల్టర్నేటర్ రూపంలోనో, ఒక ఎర్ర వైరు రూపంలోనో. ఆ ఏర్పాటుని అర నిమిషం ఓపిక లేక నేను తీసేయించాను. దాని ఖరీదు తాతయ్య ఊపిరితో కట్టబోయాను.

ఇప్పుడు మా కార్లో స్టీరియో ఆన్ అవడానికి అర నిమిషం పడుతుంది. నాన్న ఆ అర నిమిషంలో అద్దాలు సరిచేసుకుని, సీట్ బెల్ట్ పెట్టుకుంటారు. మొన్న తాతయ్యని చెకప్‌కి తీసుకెళ్తూ స్క్రీన్ మీద తిరుగుతున్న గుండ్రాన్ని చూసి అన్నారు: "పాట కాస్త లేటైతే ఏమైందిరా, బండి కదిలింది కదా."

ఇవాళ్టికి ఇంతే అండీ. మీ ఇంట్లో కొత్త స్టీరియో పెట్టించిన బండి ఉంటే, ఈ రాత్రి ఒకసారి ఎరుపు వైరు ఎక్కడికి వెళ్లిందో చూడండి. మళ్లీ కలుద్దాం. ఉంటాను.